కొండదారిలో మజిలీ

పాఠ్యభాగ పరిచయం

యాత్రా రచన తెలుగు వచనంలో విశిష్టమైన ప్రక్రియ. తీర్థయాత్రలతో మొదలైన ఈ ప్రక్రియ కాలక్రమంలో విజ్ఞాన యాత్రలకు, విహార యాత్రలకు విస్తరించింది. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి కొండలకు మోటారు సైకిలుపై తీరికగా సాగే యాత్రను ఈ పాఠం పరిచయం చేస్తుంది. ఆ దారిలోని అందాన్ని, దాని వెనక ఉన్న చరిత్రను, కొండలలో విడిది చేసే యాత్రికుడు పాటించవలసిన మర్యాదను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

రామచంద్రపురం పరిసరాలలో పుట్టి పెరిగినవారికి నేల అంటే సమతలమే. ఎటు చూసినా వరిచేలు, కొబ్బరితోటలు, గట్ల మధ్య నిండుగా పారే కాలువలు. చూపు తాటిచెట్ల వరుస దగ్గరో, గుడి గోపురం దగ్గరో ఆగుతుందే తప్ప కొండ దగ్గర ఆగదు. సమీపంలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయ శిఖరమే అక్కడి పిల్లలకు బాగా తెలిసిన ఎత్తు. అయితే ఆ ఊరి నుంచి సుమారు 120 కిలోమీటర్లు ఉత్తరంగా ప్రయాణిస్తే తూర్పు కనుమల నడుమ ఉన్న మారేడుమిల్లి వస్తుంది. ఉదయం చేలగట్ల మధ్య బయలుదేరినవారు సాయంత్రానికి వెదురు పొదల నీడలో డేరా వేసుకోవచ్చు. ఒకే రోజులో ఇంత భిన్నమైన రెండు ప్రపంచాలను చూడగలగడం గోదావరి సీమవాసులకు లభించిన భాగ్యం.

ఈ కొండలకు బస్సులోనూ పోవచ్చు, కారులోనూ పోవచ్చు. కాని కారు అద్దాల వెనక కూర్చున్నవారికి అడవి ఒక చిత్రపటంలా కనిపించి మరుగవుతుంది. మోటారు సైకిలుపై పోయేవారికి అది ఒంటికి తగులుతుంది. వరిచేల తేమగాలి, మెట్టలోని జీడిమామిడి పూతవాసన, అడవి నీడలోని చల్లదనం ఒకదాని తరవాత ఒకటిగా అనుభవానికి వస్తాయి. నచ్చిన చోట ఆగే స్వేచ్ఛ కూడా ఈ వాహనానికి ఎక్కువ. ఆ స్వేచ్ఛను వినియోగించుకోకుండా గమ్యం చేరడమే పనిగా పెట్టుకున్నవారు వాహనం నడిపినవారే అవుతారు గాని యాత్ర చేసినవారు కారు.

తీరికగా ప్రయాణించడం తెలుగువారికి కొత్త కాదు. ఎడ్లబండ్లలో, పల్లకీలలో, కాలినడకన ప్రయాణించిన రోజులలో దారిలో బస చేసే చోటును మజిలీ అనేవారు. ఎన్ని మజిలీల దూరం అన్నదే ఆనాటి ప్రయాణానికి కొలత. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పల్లకీలతో, డేరాలతో, పరివారంతో సాగిన యాత్ర అది. ఏ ఊరిలో ఏ వస్తువు దొరుకుతుంది, ఏ దారి ఎలా ఉంది, ఎక్కడ బస కుదురుతుంది, ఏ ప్రాంతపు ప్రజల ఆచారాలు ఎటువంటివి అన్న విషయాలను అతడు శ్రద్ధగా రాసిపెట్టాడు. అదే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన ‘కాశీమజిలీ కథలు’లో గురువు ఒక్కొక్క మజిలీలో తన శిష్యునికి ఒక్కొక్క కథ చెబుతాడు. నడిచే వేళ కనబడిన వింతకు ఆగిన వేళ అర్థం తెలుస్తుందన్నది ఆ కథల కూర్పులోని సూక్ష్మం. నేటి యాత్రికునికి కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ద్విచక్ర వాహనం సామాన్యునికి పల్లకీ అయింది. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ భారత సైన్యం అవసరాల కోసం బుల్లెట్ వాహనాలను అందించసాగింది. 1960వ దశకంలో మైసూరు నుంచి జావా బండ్లు వచ్చాయి. 1985లో హీరో హోండా సి.డి. 100 విడుదలైన తరవాత తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే బండి మధ్యతరగతి ఇళ్లకు చేరింది. అయితే డెల్టా పల్లెలలో మోటారు బండి తొలుత ఒక పనిముట్టు. అది గడ్డిమోపులను, పాలక్యాన్లను, కొబ్బరికాయల బస్తాలను మోసింది. పొలం గట్టుదాకా పోయే ఆ బండికే ఒక డేరా కట్టి కొండలదాకా పోవచ్చుననే ఊహ తరవాతి తరానిది. ఇటువంటి యాత్రకు ఖరీదైన వాహనమే ఉండాలన్న నియమం లేదు. బాగా పనిచేసే బండి, తొందర లేని మనసు ఉంటే చాలు.

యాత్రకు ముందు కొంత సిద్ధం కావాలి. మొదటిది అర్హత. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి మన దేశంలో 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. నడిపేవారే కాక వెనక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించాలి. రెండవది బండి స్థితి. టైర్ల అరుగుదల, గాలి, బ్రేకులు, చైను బిగువు, దీపాలు చూసుకోవాలి. పంక్చరు సామగ్రి, ఒక క్లచ్ తీగ, ఒక స్పార్క్ ప్లగ్ వెంట ఉంటే అడవి మధ్య నిస్సహాయంగా నిలబడవలసిన అగత్యం రాదు. మూడవది సామాను. బరువైన వస్తువులను కిందుగా, రెండు వైపులా సమానంగా కట్టాలి. ఒకవైపు బరువు ఎక్కువైతే మలుపులో బండి అటే లాగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ యాత్రకు అనువైన కాలం. వర్షాకాలంలో వాగువంకలు పొంగి దారులు తెగుతాయి.

రామచంద్రపురం దాటగానే ధాన్యపు మిల్లుల మండపేట, తరవాత వస్త్ర వ్యాపారానికి పేరుపొందిన ద్వారపూడి వస్తాయి. అక్కడి నుంచి రాజమహేంద్రవరం చేరేవరకు ప్రయాణం డెల్టాలోనే. నగరం దాటి ఉత్తరానికి మళ్లితే నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి ఎర్రమట్టి కనిపిస్తుంది. కాలువలు పోయి చెరువులు, బోరుబావులు వస్తాయి. కోరుకొండలో లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండ యాత్రికునికి తొలి ఎత్తును చూపుతుంది. గోకవరం దాటాక ఆకాశపు అంచున నీలిరేఖలా కనిపించినవి దగ్గరకొచ్చి కొండలవుతాయి. రంపచోడవరం ఏజెన్సీకి ముఖద్వారం. ఆ పరిసరాలలోనే రంప గ్రామం, అక్కడి ప్రాచీన శివాలయం, కొండ మీది నుంచి దూకే జలపాతం, సీతపల్లి వాగుపై కట్టిన భూపతిపాలెం జలాశయం ఉన్నాయి. పెట్రోలు నింపుకోవడం, ఇంటికి కబురు చేయడం ఇక్కడే ముగించుకోవడం మంచిది. ముందున్న అడవిలో చాలాచోట్ల సెల్‌ఫోను పలకదు.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు పోయే ఘాట్ రోడ్డు ఈ యాత్రకు హృదయం వంటిది. ఒక మలుపు తిరిగితే మరొక మలుపు, ఒక లోయ దాటితే మరొక లోయ. అయితే అందమైన మలుపే ప్రమాదకరమైన మలుపు కూడా. 2019 అక్టోబరులో ఈ ఘాట్‌లోనే పర్యాటకుల వాహనం ఒకటి లోయలో పడి పలువురు మరణించారు. కొండ దిగేటప్పుడు పెట్రోలు కలిసివస్తుందని కొందరు ఇంజను ఆపి బండిని జారవిడుస్తారు. అది ప్రాణాంతకమైన అలవాటు. ఏ గేరులో కొండ ఎక్కుతామో దాదాపు ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఎడతెగకుండా బ్రేకు నొక్కి ఉంచితే అది వేడెక్కి, అత్యవసరమైన క్షణంలో పట్టు తప్పుతుంది. ఇరుకైన చోట ఎదురుగా ఎక్కి వచ్చే వాహనానికి దిగేవారు దారి ఇవ్వాలి. గుడ్డి మలుపులో హారను మోగించి, తన పక్కనే తాను సాగాలి. చీకటి పడకముందే మజిలీ చేరుకోవాలి.

మారేడుమిల్లి పరిసరాలు వృక్షసంపదకు నిలయాలు. వెదురు పొదలు, మద్ది చెట్లు, జీలుగు చెట్లు, వాటిని పెనవేసుకున్న అడ్డతీగలు దారికి ఇరువైపులా కనిపిస్తాయి. బండి ఆపి నిశ్శబ్దంగా నిలిస్తే కొండగోరింకల కూత వినబడుతుంది. జలతరంగిణి, అమృతధార అనే జలపాతాలు రోడ్డుకు దగ్గరలోనే ఉన్నాయి. వేకువన గుడిస కొండపై నిలిచి చూసేవారికి లోయలను నింపిన మంచు ఒక తెల్లని సముద్రంలా, కొండకొనలు అందులోని ద్వీపాల్లా తోస్తాయి. అక్కడి సూర్యోదయం చూసినవారు దాన్ని చాలాకాలం మరిచిపోలేరు.

కాని ఈ కొండలు ఉత్త దృశ్యాలు కావు. ఇవి కొండరెడ్లు, కోయలు మొదలైన గిరిజనులు తరతరాలుగా కాపురముంటున్న ఇళ్లు. పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల జీవితాన్ని అధ్యయనం చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో వారిపై ఒక గ్రంథమే ప్రచురించాడు. చింతపండు, తేనె, కరక్కాయలు, అడ్డాకులు, కొండచీపుర్లు వారి జీవనాధారాలలో కొన్ని. ఇటువంటి అటవీ ఫలసాయాన్ని కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. వారపు సంతలో ఒక గంటసేపు నిలిచిన యాత్రికుడు పది జలపాతాలు చూసినా తెలియని విషయాలను తెలుసుకుంటాడు. లేత వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసాన్ని కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పులపై కాల్చే బొంగు చికెన్ నేడు పర్యాటకులకు ప్రియమైన వంటకం. నూనె చుక్క లేకుండా, పాత్ర లేకుండా వండే ఆ నేర్పు అడవి జీవితం నేర్పినది.

ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీలులేదు. 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే వాడుకలో 1/70 చట్టం, దాన్ని నిషేధించింది. కాబట్టి మైదానం నుంచి పోయినవారు ఆ నేలపై మర్యాదరీత్యానే కాదు, చట్టరీత్యా కూడా అతిథులే.

ఇక్కడి దారులకు కూడా ఒక చరిత్ర ఉంది. రంపచోడవరం నుంచి తూర్పుగా అడ్డతీగల, రాజవొమ్మంగి మీదుగా కృష్ణదేవిపేటకు, అక్కడి నుంచి చింతపల్లి కొండలకు మరొక మనోహరమైన మార్గం ఉంది. ఆ ప్రాంతమంతా తిరుగుబాట్ల గడ్డ. కల్లు గీతపై విధించిన చిగురుపన్ను వంటి అన్యాయాలను సహించలేక 1879లో రంప ప్రజలు తిరగబడ్డారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుకట్ట వేసింది. తరవాత నర్సీపట్నం వైపు నుంచి గూడెం కొండలకు రోడ్డు వేయించినప్పుడు, బాస్టియన్ అనే అధికారి చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనులచేత నిర్బంధంగా చాకిరీ చేయించాడు. ఆ ఆగ్రహం అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మహోద్యమమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆ వీరుడు నేలకొరిగాడు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నేడు విహారం కోసం ఎక్కే కొండదారులలో కొన్ని ఒకప్పుడు ఇతరుల చెమటతో, కన్నీటితో ఏర్పడినవని ఆ సమాధి వద్ద ఆగినవారికి తెలుస్తుంది. ఆగనివారికి అది మరొక కిలోమీటరు రాయి మాత్రమే.

ఇక విడిది సంగతి. డేరాను అటవీశాఖ అనుమతించిన చోట, లేదా గ్రామస్థులను అడిగి వారు చూపిన చోట మాత్రమే వేయాలి. పొడిగా, ఇసుకగా ఉందని వాగు గర్భంలో వేయరాదు. పైన ఎక్కడో కురిసిన వాన క్షణాల్లో అక్కడికి వరదగా వస్తుంది. ఎండుకొమ్మల కింద కూడా వేయరాదు. ఏజెన్సీలో మలేరియా బెడద ఉంది గనుక దోమతెర తప్పనిసరి. దోమకు, మలేరియాకు ఉన్న సంబంధాన్ని 1897లో రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ నేలవారే దోమతెర మరచి అడవికి పోవడం తగదు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. వేసవిలో ఒక్క నిప్పురవ్వ గుట్టనంతా దహిస్తుంది. తెచ్చిన ప్లాస్టిక్ కవర్లను, సీసాలను తిరిగి వెంట తీసుకుపోవాలి. పగిలిన సీసా పెంకు చెప్పులు లేని పాదంలోనో, మేతకు వచ్చిన పశువు గిట్టలోనో దిగుతుంది. అనుమతి అడగకుండా స్త్రీలను, పిల్లలను ఫొటోలు తీయడం, రాత్రివేళ పెద్దగా పాటలు పెట్టడం అతిథి లక్షణాలు కావు.

ఆగడం వల్ల మనిషి ఎంత నేర్చుకుంటాడో తెలిపే ఉదాహరణ ఒకటి ప్రపంచ చరిత్రలో ఉంది. 1952లో అర్జెంటీనాకు చెందిన వైద్య విద్యార్థి ఎర్నెస్టో గువేరా, మిత్రుడు ఆల్బెర్టో గ్రనాడోతో కలిసి పాత నార్టన్ మోటారు సైకిలుపై దక్షిణ అమెరికా యాత్ర సాగించాడు. చిలీ దేశంలో ఆ బండి పూర్తిగా చెడిపోయింది. ఆ తరవాత నడిచి, దారిన పోయే లారీలు ఎక్కి వారు ముందుకు సాగారు. రాగి గనుల కార్మికుల దైన్యం, కొండజాతుల పేదరికం గువేరాకు దగ్గరగా తెలిసింది అప్పుడే. బండి అతనిని దారిలోకి తెచ్చింది. దారి అతనిని మనుషుల దగ్గరకు చేర్చింది.

తిరుగు ప్రయాణంలో యాత్రికునికి మరొక సత్యం స్ఫురిస్తుంది. సీలేరును కలుపుకొన్న శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. కొండలలోని ఎన్నో చిన్న ఏర్లు కూడా చివరకు గోదావరి ఒడికే చేరతాయి. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద పూర్తిచేసిన ఆనకట్ట ఆ నీటినే డెల్టా కాలువలకు మళ్లించింది. నేడు దాని స్థానంలో ఉన్న బ్యారేజి కూడా ఆ పనే చేస్తున్నది. రామచంద్రపురం చేలలో వరి కంకి వంగడానికి కారణమైన నీటిలో మారేడుమిల్లి అడవిలో కురిసిన వాన కూడా ఉంది. అడవి పలచబడితే వాన నీరు మట్టిని కోసుకుంటూ పారిపోతుంది. అడవి నిలిస్తే నీరు నిలిచి, నెమ్మదిగా దిగివస్తుంది. చూసి వచ్చిన కొండ పరాయిది కాదు. తాము తినే అన్నానికి అది పుట్టినిల్లు.

కనుక కొండలలో మోటారు సైకిలు యాత్ర అంటే వేగంతో చేసే సాహసం కాదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగాము అన్నది బండిలోని మీటరు చెబుతుంది. ఎన్నిచోట్ల ఆగాము, ఎవరి మాట విన్నాము, మనం లేచి వచ్చిన చోటు మనం పోకముందు ఉన్నట్లే ఉన్నదా అన్నవాటికి యాత్రికుడే సమాధానం చెప్పుకోవాలి. మూడింటికీ తృప్తిగా జవాబు చెప్పుకోగలిగినవాని యాత్రే సఫలం.

కఠిన పదాలు – అర్థాలు

మజిలీ = ప్రయాణంలో బస చేసే చోటు
దుబాసీ = ఒక భాషలోని మాటలను మరొక భాషలో చెప్పేవాడు
పరివారం = వెంట ఉండే జనం
అగత్యం = అవసరం, తప్పనిసరి స్థితి
మెట్ట = కాలువ నీరు అందని ఎత్తైన భూమి
పోడు = కొండవాలులో చెట్లు నరికి, కాల్చి చేసే వ్యవసాయం
ఫలసాయం = పంట, రాబడి
నిర్బంధం = బలవంతం
స్ఫురించు = మనసుకు తోచు

ప్రశ్నలు

అ) సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. రామచంద్రపురం నుంచి మారేడుమిల్లి వరకు నేల స్వరూపం ఎలా మారుతుందో వర్ణించండి.
2. కొండదారులకు, రంప తిరుగుబాట్లకు ఉన్న సంబంధాన్ని వివరించండి.
3. ‘యాత్రికుడు కొండలలో అతిథి’ – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ఎప్పుడు ప్రారంభమైంది?
2. కొండ దిగేటప్పుడు ఇంజను ఆపరాదు. ఎందుకు?
3. వాగు గర్భంలో డేరా వేస్తే కలిగే ప్రమాదం ఏమిటి?
4. డెల్టా చేలకు, కొండ అడవులకు గల సంబంధం ఏమిటి?

ఇ) సంధులు
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
మహోద్యమం = మహా + ఉద్యమం – గుణసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

ఈ) సమాసాలు
వాగువంకలు = వాగులు, వంకలు – ద్వంద్వ సమాసం
వృక్షసంపద = వృక్షముల యొక్క సంపద – షష్ఠీ తత్పురుష సమాసం
నీలిరేఖ = నీలియైన రేఖ – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం